కాసు మీద చెక్కిన సమాధానము



గత రెండు ఆదివారాలు మార్కు సువార్త 12వ అధ్యాయం ధ్యానించాం. కైసరుకు పన్ను కట్టడం న్యాయమా కాదా అని చిక్కు ప్రశ్న వేసినవాళ్లతో ప్రభువు ఒక దేనారము తెప్పించి, దాని మీద ఉన్న రూపం ఎవరిదని అడిగిన సంగతి మీకు తెలిసిందే. ఆరాధన ముగిశాక మన యౌవనస్థులు ఒక ప్రశ్న వేశారు. "అయ్యగారూ, ఒకవైపు కైసరు బొమ్మ. సరే. బొరుసు వైపు ఏముంది?"

మంచి ప్రశ్న. మేము సెమినరీలో కొత్త నిబంధన నేపథ్యం చదువుకున్న రోజుల్లో కొంత విన్నాం, తరువాత మ్యూజియంలవాళ్లు పెట్టిన ఫొటోలు చూసి మరికొంత నేర్చుకున్నాం. అక్కడ నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడవైనా ఓపికగా చదవండి.

తిబెరి కైసరు దేనారము బొరుసు మీద ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది. ఆమె చేతిలో ఒక కొమ్మ ఉంటుంది. ఆమె కైసరు తల్లి లివియా అనీ, సమాధాన దేవత రూపంలో ఆమెను చూపించారనీ చాలామంది పండితులు చెబుతారు. రోమీయులు సమాధానాన్ని కూడా ఒక దేవతను చేసి, పాక్స్ అని పేరు పెట్టి మొక్కేవారు. ప్రభువు ముందుకు తెచ్చిన నాణెం ఆ రకందే అయితే, పైన కైసరు ముఖం, కింద సమాధానం. ఈయన ఉన్నాడు గనుక అది ఉంది అని చెప్పడం అన్నమాట.

అయితే దేనారము వెండి నాణెం. ద్రాక్షతోట ఉపమానంలో (మత్తయి 20) ఒక కూలివాడు పొద్దున నుండి సాయంత్రం దాకా ఎండలో కష్టపడితే వచ్చింది ఒక్క దేనారము. బజారులో గుప్పెడు గింజలు కొనడానికి దాన్ని మార్చాలి. మారిస్తే వచ్చే చిల్లరే మనం కంచు నాణేలు అని కలిపి పిలిచేవి. ఒక దేనారమునకు 4 సెస్టర్షియస్‌లు, లేదా 8 డుపోండియస్‌లు, లేదా 16 ఆస్‌లు. ఆస్‌లో నాలుగో వంతు క్వాడ్రన్స్. నిజం చెప్పాలంటే ఆ పెద్ద నాణేలు రెండూ ఇత్తడివి, ఆస్ రాగిది. సెస్టర్షియస్ చాలా పెద్ద బిళ్ల. మన పది రూపాయల బిళ్లలు మూడు కలిపి అరచేతిలో పెట్టుకుంటే ఎంత బరువు ఉంటుందో, దానికన్నా కాస్త ఎక్కువ. అంత వెడల్పు ఉంది కాబట్టే దాని మీద చిన్న విగ్రహంలాంటి బొమ్మ చెక్కడానికి వాళ్లకు చోటు దొరికింది.

మన తెలుగు బైబిలులో వీటి పేర్లు కనిపించవు. రెండు పిచ్చుకలు కాసుకు అమ్ముతారని మత్తయి 10వ అధ్యాయంలో ఉంది. అక్కడ గ్రీకులో ఉన్న మాట అస్సారియోన్, అంటే ఆస్. బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసులు మాత్రం లెప్టోన్ అనే ఇంకా చిన్న నాణేలు. ఆ రెండూ కలిస్తే ఒక క్వాడ్రన్స్ అని మార్కే లెక్క చెప్పాడు. మన అనువాదకులు రెండు చోట్లా కాసు అనే వాడారు. తప్పు పట్టనక్కరలేదు, మనకు అర్థమయ్యే మాట అది. ఇంతకూ మేము చెప్పదలచుకున్నది ఏమిటంటే, పిచ్చుకలు కొనే నాణెం, విధవరాలి కొంగున ముడివేసుకునే నాణెం, ఇవి పేదల చేతుల్లో తిరిగేవి. వెండి, బంగారం పెద్దల సంచుల్లోకీ, ఓడలెక్కి మన దేశానికీ వచ్చేవి. మన వినుకొండ దగ్గరా, నంద్యాల దగ్గరా భూమిలో దొరికిన రోమా నాణేలు బంగారువే. మిరియాలకూ ముత్యాలకూ వాళ్లు అలా కుమ్మరించారు. ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌ల సొమ్ము ఇండియా లాగేసుకుంటోందని ప్లీనీ అనే రోమా పండితుడు వాపోయాడు కూడా. చిల్లర మాత్రం అక్కడి బీదల దగ్గరే ఉండిపోయింది.

ఆ చిల్లర మీద ఏం చెక్కారో చూద్దాం.

నీరో కైసరు కాలం, సుమారు 65 నుండి 67 మధ్య. ఆ సంవత్సరాల్లో కొట్టిన సెస్టర్షియస్‌లు, ఆస్‌లు చూస్తే ఒకవైపు నీరో తల, రెండోవైపు ఒక చిన్న గుడి. గుడికి రెండు తలుపులు, గట్టిగా మూసి ఉంటాయి, పైన పూలతోరణం వేలాడుతుంది. అది రోమాలో జానస్ అనే దేవుని గుడి. యుద్ధం జరుగుతున్నంతకాలం దాని తలుపులు తెరచి ఉంచేవారు. రాజ్యమంతటా యుద్ధం లేనప్పుడే మూసేవారు. కైసరు ఔగుస్తు తన కాలంలో మూడుసార్లు మూయించానని రాయించుకున్నాడు, తనకు ముందు రోమా పుట్టినప్పటి నుండి రెండుసార్లే మూశారట. దాన్నిబట్టి ఆ తలుపులు మూయడం ఎంత గొప్పో, ఆ తెరిచి ఉన్న సంవత్సరాలు ఎన్నో ఆలోచించండి. నీరో నాణెం చుట్టూ రాసిన మాటల భావం ఇది: రోమా ప్రజలకు నేల మీద, సముద్రం మీద సమాధానం సంపాదించి జానస్ తలుపులు మూశాడు.

నేల మీద, సముద్రం మీద. ఒక్క కాసు మీద, రెండు పిచ్చుకల ఖరీదు మీద ఇంత పెద్ద మాట!

అర్మేనియా గురించి పార్థీయులతో జరిగిన యుద్ధం 63లో ఒప్పందంతో ముగిసిన మాట వాస్తవమే. అంతవరకు నాణెం అబద్ధం చెప్పలేదు. కానీ ఆ నాణెం అచ్చు పడటానికి కొద్దికాలం ముందు, 64లో రోమా పట్టణం తగలబడింది. నెపం క్రైస్తవుల మీద పడింది. మనవాళ్లకు మృగాల తోళ్లు కప్పి కుక్కల చేత చీల్పించారు, సిలువ వేశారు, చీకటి పడ్డాక దీపాలకు బదులు తగలబెట్టారు. ఇది మన సంఘ చరిత్రకారులు రాసింది కాదు. క్రైస్తవులంటే గిట్టని టాసిటస్ అనే రోమీయుడే రాశాడు. పౌలు, పేతురు ఆ నీరో కాలంలోనే హతసాక్షులయ్యారని సంఘ సంప్రదాయం. 66లో యూదయ తిరగబడింది. తలుపులు మూసిన గుడి బొమ్మ ప్రజల చేతుల్లో ఇంకా మెరుస్తుండగానే యెరూషలేము వైపు సైన్యం కదిలింది.

ఇప్పుడు ఒక సంగతి ఊహించుకోండి. రోమాలో ఏదో ఇరుకు సందులో, ఒక ఇంటి మేడగదిలో చీకటి పడ్డాక కొందరు విశ్వాసులు కూడారు. అందులో ఒక తల్లి కొడుకు కొన్ని నెలల క్రితం నీరో తోటలో కాలిపోయాడు. ఆమె మరుసటి రోజు రొట్టెకోసం బజారుకు వెళ్లి చిల్లర తీస్తే, కొడుకును చంపినవాడి ముఖం, వెనుక మూసిన తలుపులు, చుట్టూ సమాధానం అని అక్షరాలు. ఆమెకు చదువు వచ్చి ఉండకపోవచ్చు. మూసిన తలుపుల బొమ్మకు చదువు అవసరం లేదు కదా. ఆ నాణెం ఇచ్చి రొట్టె తీసుకోవాలి, వేరే దారి లేదు.

ఇలాంటి ఇంట్లోనే పౌలు పత్రిక చదివారు. ఆయన రోమా సంఘానికి రాసింది ఈ సంగతులకు కొన్నేళ్లు ముందే. పత్రిక మొదట్లోనే కృప, సమాధానం ఎక్కడనుండి వస్తాయో చెప్పాడు. మన తండ్రియైన దేవుని నుండి, ప్రభువైన యేసుక్రీస్తు నుండి. మనం దాన్ని ఉత్తరం మొదట్లో మామూలుగా పెట్టే మర్యాద మాటగా చదివేసి ముందుకు పోతాం. రోమాలో కూర్చుని విన్నవాళ్లకు అది మర్యాద మాట కాదు. సమాధానం ఎవరు ఇస్తారన్నదానికి జేబులో ఒక పేరు ఉంది, పత్రికలో ఇంకో పేరు వినిపించింది. అలాగే థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో, అంతా నెమ్మదిగా ఉంది, భయం లేదు అని లోకులు చెప్పుకుంటున్నప్పుడే నాశనం వస్తుందని హెచ్చరించాడు. ఆ మాటలు లోకులు ఎక్కడ చెప్పుకునేవారో ఇప్పుడు మనకు కొంచెం తెలుస్తోంది.

ఆ రోజుల్లో పేపర్లు లేవు, టీవీలు లేవు. పాలకుడు తన మాట మారుమూల పల్లెదాకా పంపాలంటే నాణెమే మార్గం. మనకు ఇది కొత్తేమీ కాదు. బియ్యం సంచి మీద, పిల్లల పుస్తకాల మీద, పొలం పుస్తకం అట్ట మీద నాయకుల బొమ్మలు చూసినవాళ్లం మనం. పార్టీ మారితే బొమ్మ మారుతుంది, పొలం గట్టు తగాదా అక్కడే ఉంటుంది.

అన్నిటికంటే మమ్మల్ని ఎక్కువసేపు ఆపిన నాణేలు వెస్పాసియన్ కైసరువి. నీరో యూదయకు పంపిన సేనాధిపతి ఇతనే. తరువాత కైసరయ్యాడు. కొడుకు తీతు 70లో యెరూషలేమును పట్టుకుని దేవాలయాన్ని కాల్చాడు. జోసెఫస్ రాసిన లెక్క ప్రకారం ఆ యుద్ధంలో చెరపట్టబడినవాళ్లే 97,000 మంది. మరుసటి సంవత్సరం, 71లో, రోమా టంకశాలలో రెండు రకాల సెస్టర్షియస్‌లు తయారయ్యాయి. రెండింటికీ ఒకవైపు వెస్పాసియన్ తలే. ఒకదాని బొరుసు మీద సమాధాన దేవత నిలబడి ఉంది, ఒక చేతిలో ఒలీవ కొమ్మ, మరో చేతిలో పండ్లు నిండిన కొమ్ము. చుట్టూ కైసరు సమాధానం అనే అర్థమిచ్చే మాటలు. రెండోదాని బొరుసు మీద ఒక ఈతచెట్టు. చెట్టు కింద నేల మీద ఒక స్త్రీ కూర్చుని, చేతిమీద తల ఆనించుకుని ఏడుస్తోంది. ఆమె యూదయ. చెట్టుకు అవతలవైపు కొన్ని నాణేల్లో చేతులు వెనక్కి కట్టిన ఖైదీ, కొన్నింటిలో ఈటె పట్టుకున్న కైసరే నిలబడి ఉంటాడు. చుట్టూ రాసిన మాటకు అర్థం, యూదయ పట్టబడెను.

అదే లోహం, అదే సంవత్సరం, అదే ముఖం. సంతలో ఒకడు తన పళ్లానికి ఈ రెండు నాణేలూ పక్కపక్కన పెట్టి చెల్లించి ఉండొచ్చు. నిలబడ్డ స్త్రీ సమాధానం. కూర్చున్న స్త్రీ దాని వెల. ఆమెను చూసినప్పుడు విలాపవాక్యములు మొదటి అధ్యాయం గుర్తుకు రాకుండా ఉండదు. జనంతో నిండిన పట్టణం విధవరాలివలె ఒంటరిగా కూర్చున్నదని ప్రవక్త ఏడ్చాడు. రోమా చెక్కుడు పనివాడికి ఆ గ్రంథం తెలిసి ఉంటుందని మేము అనుకోము. అయినా అదే బొమ్మ చెక్కాడు.

వెస్పాసియన్ అంతటితో ఆగలేదు. 75లో రోమాలో సమాధాన దేవతకు పెద్ద ఆలయం కట్టించాడు. యెరూషలేము దేవాలయం నుండి దోచుకువచ్చిన బంగారు ఉపకరణాలను అందులోనే పెట్టారని జోసెఫస్ రాశాడు. సమాధానపు గుడిలో దోపిడీ సొమ్ము! అతని నాణేల్లోనే ఇంకొక రకం ఉంది, సమాధాన దేవత కాగడా పట్టుకుని ఆయుధాల కుప్పకు నిప్పు పెడుతుంటుంది. మొదటిసారి చూసినప్పుడు మాకు 46వ కీర్తన గుర్తొచ్చి సంతోషం వేసింది. అక్కడ కూడా దేవుడు విల్లు విరిచి రథాలను అగ్నిలో కాల్చుతాడు. కానీ తేడా చూడండి. దేవుడు కాల్చేటప్పుడు భూదిగంతముల వరకు యుద్ధాలు మాన్పుతాడు, ఎవరి ఆయుధమూ మిగలదు. కైసరు కాల్పించినప్పుడు ఓడినవాడి ఆయుధం కాలింది, గెలిచినవాడి కత్తి ఒరలో భద్రంగా ఉంది. ఇంకొక ముప్పయ్యేళ్లకు ట్రాజన్ కైసరు కాలంలో ఆ దేవత ఏం చేస్తోందంటే, చేతిలో ఒలీవ కొమ్మ అలాగే పట్టుకుని, కుడికాలు డాకియా దేశస్థుడైన ఒక ఖైదీ మీద మోపి నిలబడింది. దాచిపెట్టాలని కూడా వాళ్లకు అనిపించలేదు. వాళ్ల దృష్టిలో సమాధానం అంటే అదే, ఒకడు కింద పడి లేవలేకపోవడం.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. పేపర్లవాళ్లు శాంతి అని రాసేచోట మన బైబిలులో సమాధానము అని ఉంటుంది. బయటివాళ్లకు అది వింతగా ఉంటుంది. ఎందుకంటే మామూలు తెలుగులో సమాధానం అంటే జవాబు. పరీక్షలో ప్రశ్నలకు సమాధానాలు రాయమంటారు. మేము మాత్రం ఈ మాటను ఎంచుకున్న పెద్దలను తలచుకుని దేవుణ్ణి స్తుతిస్తుంటాం. అడిగినవాడికి జవాబు దొరకకుండా సమాధానం ఎలా వస్తుంది? ఆ ఈతచెట్టు కింద కూర్చున్న స్త్రీని నోరు తెరవనిచ్చి ఉంటే ఏదో ఒకటి అడిగి ఉండేది. నా బిడ్డలు ఎక్కడ? నా మందిరం దీపస్తంభం మీ ఊళ్లో ఎందుకుంది? నాణెం మీద ఆమెకు నోరు లేదు. ఆమె అడగలేదు కాబట్టి యుద్ధం అయిపోయిందని రోమా చెప్పుకుంది.

హెబ్రీ మాట షాలోమ్ సంగతి మీకు చాలాసార్లు చెప్పాం. కొదువ లేకుండా నిండుగా ఉండడం దాని భావం. అయితే ఆ మాట పుట్టిన ధాతువులోనుండే ఇంకొక మాట పుట్టిందని అంతగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాం. నిర్గమకాండం 22వ అధ్యాయం చదవండి. ఎద్దును దొంగిలించినవాడు, పొరుగువాడి చేను పశువుల చేత మేపించినవాడు, నిప్పు పెట్టి పంట కాల్చినవాడు, వీళ్లు నష్టం అచ్చుకోవాలని మళ్లీ మళ్లీ ఉంది. ఆ అచ్చుకోవడం అన్నదానికి హెబ్రీలో వాడిన క్రియ, షాలోమ్ ఒకే ధాతువు. తీసుకున్నది తిరిగి నింపడం, పోయినదాన్ని పూర్తి చేయడం. మన పల్లెటూరివాళ్లకు ఇది ఏ పండితుడూ వివరించనక్కరలేని సంగతి. చేను మేసిన గేదె తల నిమిరినంత మాత్రాన చేను మొలవదు.

ప్రభువు ఇచ్చే సమాధానం కూడా రక్తం లేకుండా రాలేదు. కొలొస్సీ పత్రిక మొదటి అధ్యాయం ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది, సిలువ రక్తం చేత ఆయన సంధి చేశాడు. అయితే రోమా సమాధానానికి కారిన రక్తం ఎప్పుడూ ఎదుటివాడిది. ఇక్కడ కారింది సమాధానకర్తదే. యోహాను 20వ అధ్యాయంలో తలుపులు మూసుకుని భయపడుతున్న శిష్యుల మధ్య ఆయన నిలిచి సమాధానం పలికి, వెంటనే చేసిన పని ఏమిటి? చేతులూ ప్రక్కా చూపించాడు. గాయాలు కప్పుకోలేదు. జరిగింది జరిగింది, మరచిపోండి అనలేదు. మూసిన తలుపులు అక్కడా ఉన్నాయి, గమనించారా. జానస్ గుడి తలుపులు ఊరి గొప్పకోసం మూశారు, వీళ్లు ప్రాణభయంతో మూసుకున్నారు. ఆయన వీళ్ల దగ్గరికి వచ్చాడు.

ఇంతవరకు చదివి, అన్యులైన రోమా రాజులు అలా చేశారు గాని మన విశ్వాసం వచ్చాక అంతా మారింది అని ఎవరైనా అనుకుంటారేమో. మేమూ అలా రాయగలిగితే బాగుండేది. కాన్‌స్టాంటైన్ కైసరు క్రీస్తువైపు తిరిగాక నాణేల మీద క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలు కలిపిన గుర్తు రావడం మొదలైంది. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ కాలంలో, 348 నుండి, ఒక కొత్త కంచు నాణెం రాజ్యమంతటా వచ్చింది. మంచి రోజులు తిరిగివచ్చాయి అనే భావంతో దాని మీద మాటలు ఉంటాయి. బొమ్మ ఏమిటంటే, గుర్రం మీదనుండి పడిపోతున్న శత్రువును ఒక సిపాయి ఈటెతో పొడుస్తున్నాడు. అదే మాటలతో ఇంకొక రకం ఉంది, కైసరు చేతిలో క్రీస్తు గుర్తున్న జెండా, ఎదురుగా ఇద్దరు ఖైదీలు. దేవత పోయింది, ఒలీవ కొమ్మ పోయింది, సిలువకు సంబంధించిన గుర్తు వచ్చింది. కింద పడ్డవాడు మాత్రం అక్కడే ఉన్నాడు.

కాబట్టి ఇది రోమా సంగతి మాత్రమే కాదు. సంఘంలో తగాదా వస్తే మనం వాడే మాటలు చూడండి. సర్దుకుపోండి. పెద్దాయనతో మీకెందుకు? క్రైస్తవులం కదా, క్షమించాలి. చేతులు కలిపించి, ప్రార్థన చేసి, టీ తాగి లేస్తాం. క్షమాపణ ప్రభువు ఆజ్ఞ, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఆ ఆజ్ఞను ఎప్పుడూ కింద పడ్డవాళ్లకే ఎందుకు చదివి వినిపిస్తాం? తాగివచ్చి కొట్టే భర్త దగ్గరికి ఆడబిడ్డను సమాధానం పేరుతో తిరిగి పంపే పెద్దలు చాలా ఊళ్లలో ఉన్నారు. ఆమె మారు మాట్లాడకపోతే ఇల్లు నిలబడిందంటారు. ఈతచెట్టు కింద స్త్రీ కూడా మారు మాట్లాడలేదు.

రెండేళ్ల క్రితం తొలకరిలో జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాం. ఊరు పేరు, మనుషుల పేర్లు వద్దు. మాకు తెలిసిన ఒక సంఘంలో ఒక విధవరాలైన అక్క ఎకరం కౌలుకు చేస్తోంది. నారు పోసుకుని ఇరవై రోజులైంది, కాలువ నీళ్లు వచ్చాయి, నాట్లకు మనుషులను కూడా మాట్లాడుకుంది. ఆ రాత్రి సంఘంలోనే పలుకుబడి ఉన్న ఒక రైతు గేదెలు కట్టు తెంచుకుని వచ్చి నారుమడి అంతా మేసి తొక్కిపోయాయి. ఆయన కావాలని వదలలేదు, అది అందరికీ తెలుసు. తెల్లవారి ఈమె గట్టు మీద కూర్చుండిపోయింది. పెద్దలు ఇద్దరినీ మందిరానికి పిలిచారు, మమ్మల్నీ రమ్మన్నారు. ఆయన, "తప్పైంది, నోరులేని జీవాలు, ఏం చేస్తాం" అన్నాడు. అందరూ ఆమె వైపు తిరిగారు. ఒకాయన, "క్షమించానని ఒక్క మాట అనమ్మా, ప్రార్థన చేసుకుందాం" అన్నాడు.

ఆమె, "క్షమించానండీ" అంది. కాసేపు ఆగి, "మరి నారు?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. ఆ అడగడంలో కోపం లేదు. నాట్లకు మనుషులు మరుసటి రోజు వస్తారు, మళ్లీ విత్తనం చల్లితే నెల వెనకబడుతుంది, ఈలోపు కాలువ కట్టేస్తే పంటే లేదు. మేము నిర్గమకాండం 22వ అధ్యాయం 5వ వచనం తీసి చదివాం, వ్యాఖ్యానం ఏమీ చేయలేదు. పొరుగువాడి చేను మేపినవాడు తన చేలోని మంచిదాన్ని ఇచ్చి నష్టం పూడ్చాలని అక్కడ ఉంది. మిగిలినది కాదు, మంచిది. ఆ రైతు ముఖం ఎర్రబడింది, లేచి వెళ్లిపోయాడు. పెద్దల్లో ఒకరు, "చక్కగా సమాధానమయ్యే పని చెడగొట్టారండి" అని మాతో అన్నారు కూడా. మేము ఏమీ అనలేదు.

మరునాడు తెల్లవారుజామున ఆ రైతు ట్రాక్టరు ఆమె పొలం గట్టు దగ్గర ఆగింది. తన సొంత మడికోసం పోసుకున్న నారు, ఆమెకు కావలసినన్ని కట్టలు దించాడు. పచ్చగా, ఒత్తుగా ఉన్న నారు. మాటల్లేవు. ఆమె నాట్లు ఆ రోజే పడ్డాయి. తరువాత కొన్ని వారాలు ఆయన మందిరంలో మాతో సరిగా మాట్లాడలేదు. ఆ కోతల కృతజ్ఞతార్పణ పండుగనాడు ఆ అక్క ఒక బస్తా ధాన్యం తెచ్చి బలిపీఠం దగ్గర పెడుతుంటే, బరువని ఆయనే ముందుకు వచ్చి ఒక చెయ్యి వేశాడు.

వచ్చే ఆదివారం మార్కు 13వ అధ్యాయం మొదలుపెడతాం. దేవాలయపు పెద్ద రాళ్లను చూసి శిష్యులలో ఒకడు మురిసిపోయిన చోటు అది. ఇంటి దగ్గర ఒకసారి చదువుకుని రండి. యౌవనస్థులు ఆ రెండు సెస్టర్షియస్‌ల బొమ్మలు అట్ట మీద పెద్దవిగా గీసుకొస్తామన్నారు. ఈతచెట్టు కింద స్త్రీని గీసేవాళ్లు ఆమె ముఖం కనబడేలా గీయండి, నాణెం మీద అరిగిపోయి సరిగా కనిపించదు.

క్రీస్తునందు మీ సేవకులు.